సేంద్రియ దుకాణంలో తప్పక కొనవలసిన సరుకులు ఏవి, వదిలేయదగినవి ఏవి?

శారద, నల్లకుంట

మా ఇంట్లో నలుగురం ఉంటాము. నెల సరుకులన్నీ సేంద్రియ దుకాణంలోనే తీసుకుంటే ఖర్చు మామూలు కిరాణా కన్నా దాదాపు రెట్టింపు అవుతోంది కనుక, అన్నీ అక్కడే కొనడం మాకు సాధ్యపడదు. అలాగని పూర్తిగా మానుకోవడానికీ మనసు ఒప్పడం లేదు. ఏ సరుకు దగ్గర అదనపు డబ్బు పెట్టడం సమంజసమో, ఏది మామూలు అంగడిలో కొన్నా పెద్ద తేడా ఉండదో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను. కూరగాయలు, పాలు ఈ చర్చలోకి తేవద్దని మనవి. నిల్వ ఉండే సరుకుల వరకే మాట్లాడుకుందాము. ఏది కొనమన్నా ఎందుకు కొనాలో కారణం కూడా రాస్తే, రేపు దుకాణంలో ధర మారినప్పుడు నా లెక్క నేనే వేసుకోగలుగుతాను.

కొండవీటి వాసి

శారద గారూ, ఒక్కటే కొనే స్తోమత ఉంటే ఎండుమిరపకాయలు కొనండి. మాది గుంటూరు ప్రాంతం, మిరప పండించే కుటుంబం కాబట్టి ఈ మాట చెబుతున్నాను. నారు వేసిన నాటి నుంచి చివరి కోత దాకా మిరప నెలల తరబడి చేలో ఉంటుంది. అన్నాళ్ళూ తామరపురుగు, నల్లి, కాయతొలుచు పురుగు, ఆకుముడత ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉంటాయి. వారం తిరిగేసరికి మందు కొట్టవలసి వచ్చే పంట ఇది. 2021-22లో నల్ల తామరపురుగు వచ్చి తోటలను ఊడ్చిపెట్టినప్పుడు, చేతికి దొరికిన మందల్లా కొట్టిన రైతులు ఉన్నారు. అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడి కళ్ళ ముందు పోతుంటే ఎవరైనా అదే చేస్తారు కాబట్టి, వారిని నేను తప్పు పట్టను.

ఇక వంటింటి వైపు నుంచి చూడండి. బియ్యాన్ని కడుగుతాము, ఉడికిస్తాము. పప్పునూ అంతే. మిరపకాయను మాత్రం ఎండబెట్టి, తొడిమ తీసి, కారం పట్టించి నేరుగా వాడుతాము. ఆవకాయలో వేసే కారానికి పొయ్యి సెగ కూడా తగలదు. తినేది కొద్దిపాటే అయినా, ఏ శుద్ధీ జరగకుండా విస్తట్లోకి వచ్చే సరుకు ఇది. పొడి కొనవద్దు, కాయలే కొనండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొత్త కాయ వచ్చినప్పుడు సంవత్సరానికి సరిపడా తీసుకుని, బాగా ఎండబెట్టి, దగ్గర నిలబడి మర ఆడించుకోండి. సేంద్రియ మిర్చి రంగులో కొంచెం తక్కువగా, కాయలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు, నిగనిగలాడుతూ ఉంటే ఒకటికి రెండుసార్లు అడగండి.

తాండూరు కందిచేను

మిరప సంగతి ఒప్పుకుంటాను, కాని మా కందిని రెండో స్థానంలో పెట్టకపోతే ఊరుకోను. పూత మీద, పిందె మీద కాయతొలుచు పురుగు పడితే కంది చేను మిగలదు కనుక, ఆ సమయంలో రెండు మూడు సార్లయినా మందు కొడతారు. అంతకన్నా ముఖ్యమైనది, పప్పు మీద జరిగే పాలిష్. మిల్లులో బద్ద మెరవడానికి నూనె గానీ నీరు గానీ పట్టించి రుద్దుతారు. ఆ మెరుపు వల్ల తినేవారికి ఒనగూరేది ఏమీ లేదు. పాలిష్ లేని కందిపప్పు మసకగా, కొంచెం పిండి అంటినట్టుగా ఉంటుంది. అది చూసి పాత సరుకు అనుకుని వదిలేసి వెళ్ళేవారిని చూస్తుంటాను.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి సున్నపురాతి నేలల వల్ల పప్పు త్వరగా ఉడుకుతుందని, రుచి వేరుగా ఉంటుందని మా నమ్మకం. త్వరగా ఉడికే మాట మాత్రం మీ కుక్కరే తేలుస్తుంది. అయితే ఒక జాగ్రత్త: భౌగోళిక గుర్తింపు అంటే ఆ సరుకు ఆ ప్రాంతంలో పండిందని మాత్రమే అర్థం. అది సేంద్రియమని కాదు. దుకాణాల్లో ఈ రెండింటినీ కలిపి చెప్పేవారు ఉన్నారు.

విశ్రాంత ఏఓ

వ్యవసాయ శాఖలో వ్యవసాయాధికారిగా, అంటే ఏఓగా, పనిచేసి విరమించినవాడిని. ముద్రల విషయంలో చాలామందికి అయోమయం ఉంది కనుక కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మన దేశంలో సేంద్రియ ధ్రువీకరణకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, అంటే ఎన్‌పిఓపి. ఇందులో గుర్తింపు పొందిన ధ్రువీకరణ సంస్థ వచ్చి పొలాన్ని, దస్త్రాలను తనిఖీ చేస్తుంది. ఎగుమతి చేయాలంటే ఇదే ఆధారం. రెండవది పిజిఎస్-ఇండియా. ఇందులో ఇరుగుపొరుగు రైతులు కనీసం ఐదుగురు జట్టుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఖర్చు తక్కువ కనుక చిన్న రైతులకు ఇదే అందుబాటులో ఉంటుంది. పిజిఎస్-గ్రీన్ అని ఉంటే ఆ పొలం ఇంకా రసాయనాల నుంచి మారే దశలో ఉందని, పిజిఎస్-ఆర్గానిక్ అని ఉంటే ఆ దశ పూర్తయిందని అర్థం. ఆహార భద్రతా సంస్థ 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం, సేంద్రియమని చెప్పి అమ్మే పొట్లం ఈ రెండింటిలో ఏదో ఒక పద్ధతిలో ధ్రువీకరణ పొందినదై ఉండాలి. జైవిక్ భారత్ ముద్ర దానికోసమే వచ్చింది. చిన్న రైతు తన పంటను తానే నేరుగా వినియోగదారుకు అమ్మితే మాత్రం మినహాయింపు ఉంది.

ఇక్కడే కిటుకు ఉంది. ‘సహజ’, ‘ప్రకృతి సిద్ధమైన’, ‘పల్లె’, ‘అమ్మమ్మ’ వంటి మాటలకు ఏ ధ్రువీకరణా లేదు. పొట్లం మీద ఆవు బొమ్మ ఉన్నంత మాత్రాన లోపలి సరుకు జీవామృతంతో, అంటే ఆవు పేడ, మూత్రంతో చేసే ఎరువుతో, పండినట్టు కాదు. అలాగని ముద్ర లేనిదంతా మోసమనీ అనను. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో లక్షల మంది రైతులు ఉన్నారు. వారందరి పంటకూ ముద్ర ఉండదు. ముద్ర లేనిచోట ఊరి పేరు, రైతు పేరు, కోత నెల అడగండి. నిజంగా రైతు దగ్గర కొన్న దుకాణదారు ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెబుతాడు.

శారద, నల్లకుంట

ఏఓ గారూ, ధన్యవాదాలు. మా వీధి చివర ఉన్న ఒక దుకాణంలో ఏది అడిగినా ‘మా సొంత రైతుల సరుకే అమ్మా’ అనడమే తప్ప, ఆ రైతులు ఏ జిల్లావారో ఇంతవరకూ చెప్పలేదు. ఇకపై మీరు చెప్పిన మూడు ప్రశ్నలు వేసి చూస్తాను. నూనె సంగతి ఎవరైనా చెప్పగలరా? మా ఖర్చులో సగం అక్కడే పోతోంది.

గానుగ లెక్క

నూనె దగ్గర ముద్రల కన్నా లెక్క ఎక్కువ పనికివస్తుంది. గానుగలో ఒక లీటరు వేరుశనగ నూనె రావడానికి సుమారు రెండున్నర కిలోల గుళ్ళు పడతాయి. మీ ఊళ్ళో మంచి గుళ్ళు కిలో 140 రూపాయలు ఉన్నాయనుకుంటే, ముడిసరుకే 350 రూపాయలు. నూనె తీయగా మిగిలిన పిండిచెక్కను పశువుల దాణాకు అమ్మితే కొంత తిరిగి వస్తుంది, కాని ఆడించే కూలి, కరెంటు, సీసా ఖర్చులు ఆ కొంతనూ మింగేస్తాయి. అటువంటప్పుడు ‘కొయ్య గానుగ నూనె’ లీటరు 250కి ఇస్తున్నారంటే, గుళ్ళు నాసిరకమైనా కావాలి, నూనెలో మరొకటి కలిసైనా ఉండాలి. ఈ లెక్క మీ ఊరి ధరతో మీరే వేసుకోవచ్చు.

నాసిరకం గుళ్ళ గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. తేమ తగిలి బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఏర్పడుతుంది. పంటకు పురుగుమందు కొట్టినా కొట్టకపోయినా ఆ బూజు వస్తుంది. కర్మాగారంలో శుద్ధి చేసే నూనె క్షారంతో, బంకమట్టితో శుభ్రపడే దశల్లో ఆ విషం చాలావరకు పోతుంది. గానుగ నూనెకు ఆ దశలు లేవు కాబట్టి, గుళ్ళలో ఉన్నదానిలో కొంత నూనెలోకి వస్తుంది. అందువల్ల గానుగ నూనె కొనేవారు గుళ్ళను చూడకుండా కొనకూడదు. మా పరిచయస్థులు చాలామంది గుళ్ళు తామే కొని, ముడుచుకుపోయినవి, నల్లబడినవి ఏరిపారేసి, గానుగ దగ్గరికి తీసుకెళ్ళి ఆడించుకుంటారు. ‘సేంద్రియ’ అన్న మాటకు లీటరుకు అదనంగా ఇచ్చే డబ్బు కన్నా ఆ ఏరుడుకు పెట్టే అరపూట విలువైనది అని నా అభిప్రాయం.

జొన్నరొట్టె

చిరుధాన్యాల మాట ఇంకా ఎవరూ ఎత్తలేదేమిటి? మాది జహీరాబాదు వైపు. మా దగ్గర పస్తాపూర్‌లోని డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఎరువు, మందు లేకుండా ఒకే చేలో పదీ ఇరవై రకాలు కలిపి పండిస్తూ వస్తున్నారు. సేంద్రియ దుకాణానికి వెళ్ళి కొర్రలు, సామలు కొనకుండా రావడం నాకైతే వింతగా తోస్తుంది.

గానుగ లెక్క

జొన్నరొట్టె గారూ, ఆ మహిళల కృషి మీద నాకు గౌరవం ఉంది. కాని శారద గారి ప్రశ్న అదనపు డబ్బు ఎక్కడ పెట్టాలన్నది. కొర్ర, సామ, అరికె, ఊద వంటివి మెట్టభూముల్లో వాన మీద ఆధారపడి పండేవి. వాటికి మందు కొట్టే రైతు ఎక్కడో గాని ఉండడు. మామూలుగానే మందు లేకుండా పండే పంటకు, మందు లేదన్న ముద్ర కోసం రెట్టింపు ధర ఇవ్వడంలో అర్థం ఏమిటి?

జొన్నరొట్టె

మందు విషయంలో మీ మాట చాలావరకు నిజమే. కాని చిరుధాన్యాల్లో అసలు సమస్య మర దగ్గర ఉంది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత పెద్ద అంగళ్ళన్నింటిలోకీ ఇవి వచ్చాయి, కాని వాటిలో చాలా సరుకు తవుడు పూర్తిగా తీసి తెల్లగా చేసినది. పీచు పదార్థం కోసమే కొర్రలు తినేవారు, ఆ పీచు తీసేసిన కొర్రలు కొని ఏం లాభం? తవుడు ఉన్న కొర్ర బియ్యం త్వరగా ముక్కవాసన వస్తుంది కాబట్టి, ఆడించిన తేదీ చూసి కొద్దికొద్దిగా కొనుక్కోవాలి. అటువంటి సరుకు తాజాగా దొరికేది ఎక్కువగా సేంద్రియ దుకాణాల్లోనే. నేను అక్కడ అదనపు డబ్బు ఇచ్చేది ముద్రకు కాదు, తవుడుకు.

గానుగ లెక్క

తవుడు మాటకు ఎదురు చెప్పలేను. పిండి మాత్రం కొనవద్దని మీరు కూడా చెప్పండి.

జొన్నరొట్టె

పిండి ఎవరికీ కొనమని చెప్పను. అది ఎన్నాళ్ళ కిందట ఆడించినదో దేవుడికే ఎరుక.

స్టుట్‌గార్ట్ తెలుగింటి కోడలు

జర్మనీ నుంచి రాస్తున్నాను. ఇక్కడ బయో, అంటే సేంద్రియ సరుకు ప్రతి వీధిలోనూ దొరుకుతుంది. డిఎమ్ వంటి సబ్బుల, ఇంటి సరుకుల దుకాణాల్లో కూడా వారి సొంత బయో పప్పులు, గింజలు ఉంటాయి. ధర మన దగ్గరలా రెట్టింపు ఉండదు కనుక, ఎర్ర మసూరపప్పు, కాబూలీ శనగలు నేను ఎప్పుడూ బయోవే తీసుకుంటాను. ఇక్కడ ‘హిర్జె’ అని పసుపుపచ్చని గింజ అమ్ముతారు. అది మన వరిగలే. ఉప్మాకు, పులిహోరకు చక్కగా పనికివస్తుంది. ఇండియా నుంచి కొర్రలు మోసుకొచ్చే కొత్తవారికి ఈ మాట తప్పక చెబుతుంటాను.

ఐరోపా ముద్ర ఆకుపచ్చ నేల మీద నక్షత్రాలతో గీసిన ఆకులా ఉంటుంది. దాని కింద ధ్రువీకరించిన సంస్థ సంకేతం, పంట ఐరోపా సమాఖ్యలో పండిందా, వెలుపల పండిందా అన్న వివరం ఉంటాయి. అయినా ముద్ర ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేమని 2020లో తెలిసింది. ఆ ఏడాది భారతదేశం నుంచి వచ్చిన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అవశేషాలు బయటపడి, వాటితో చేసిన రొట్టెలు, బిస్కెట్లు సహా ఎన్నో సరుకులను వెనక్కి తెప్పించారు. వాటిలో బయో ముద్ర ఉన్నవి కూడా ఉన్నాయి. అది పొలంలో కొట్టిన మందు కాదు, గోదాములో సూక్ష్మజీవులను చంపడానికి వేసే వాయువు. పంట ఎలా పండిందన్న ప్రశ్నతో పాటు, తరువాత ఎక్కడ, ఎలా నిల్వ చేశారన్న ప్రశ్న కూడా అడగాలని అప్పటి నుంచి నేర్చుకున్నాము.

అనకాపల్లి బెల్లందిమ్మ

బెల్లం గురించి నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? బెల్లంలో చెరకుకు కొట్టిన మందు కన్నా, పాకం కాగేటప్పుడు పెనంలో వేసేదే పెద్ద సమస్య. రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు. దిమ్మ లేత పసుపు రంగులో, చూడముచ్చటగా వస్తుంది, అంగట్లో దానికే ఎక్కువ ధర పలుకుతుంది. అందుకే వండేవాడు ఇష్టం లేకపోయినా వేస్తాడు. హైడ్రోస్ వేసిన దిమ్మ కొన్ని నెలలు నిల్వ ఉంచితే మళ్ళీ నల్లబడుతుంది. పాకంలోని మడ్డి తీయడానికి పాతకాలంలో బెండ కాడల జిగురు వాడేవారు, ఇప్పటికీ వాడేవారు ఉన్నారు. సున్నం తగుమాత్రంగా వేయడం మాత్రం పులుపు విరగడానికే, దాన్ని చూసి భయపడనక్కరలేదు.

కాబట్టి శారద గారూ, బెల్లం సేంద్రియ దుకాణంలోనే కొనండి, ముదురు గోధుమ రంగుదే అడగండి. మీ తెలంగాణలో నల్లబెల్లం పేరెత్తితే గుడుంబా బట్టీలు గుర్తొచ్చి అబ్కారీవారు అనుమానంగా చూసిన కాలం ఒకటి ఉంది. ఇప్పుడు అదే రంగు సేంద్రియ దుకాణంలో రెండింతల ధర పలకడం చూసి మా నాన్నగారు నవ్వుకుంటూ ఉంటారు. సంక్రాంతి దాటాక కొని, వానాకాలానికి ముందే గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి. బెల్లం దిమ్మ తేమకు త్వరగా చెమ్మగిల్లుతుంది.

నిజామాబాదు కొమ్ము

పసుపు క్లుప్తంగా: పొడి వద్దు, కొమ్ములు కొనండి, మెరుగు పెట్టని గరుకు కొమ్ములైతే మరీ మంచిది. మెరిసే కొమ్ముకు పైపూత ఉండే అవకాశం ఉంది.

హిమాలయ యాత్రికుడు

అందరూ అసలైనదాన్ని మరచిపోయారు. నేను సేంద్రియ దుకాణంలో మొట్టమొదట కొనేది గులాబీ రంగు సేంద్రియ ఉప్పు. మామూలు ఉప్పు పూర్తిగా మానేశాము.

విశ్రాంత ఏఓ

యాత్రికుడు గారూ, ఉప్పు పండించే పంట కాదు, ఖనిజం. దానికి సేంద్రియ సాగు అంటూ ఏదీ ఉండదు కాబట్టి ‘సేంద్రియ ఉప్పు’ అన్న మాటకే అర్థం లేదు. రుచి నచ్చితే వాడుకోండి, అది మీ ఇష్టం. కాని రాతి ఉప్పులో సాధారణంగా అయోడిన్ కలపరు. ఇంట్లో పిల్లలు, గర్భిణులు ఉంటే అయోడిన్ ఉప్పును పూర్తిగా మానేయడం మంచిది కాదు. ఈ ఒక్క సరుకు విషయంలో మాత్రం కిరాణా కొట్టు పొట్లమే మేలు.

నిర్వాహకులు

ఉప్పు మీద వాదోపవాదాలు వేరే చర్చలో కొనసాగించవలసిందిగా మనవి. ఈ అంశం మీద వచ్చిన మరికొన్ని సందేశాలను అక్కడికి మార్చాము.

శారద, నల్లకుంట

బియ్యం సంగతి ఒక్కటి మిగిలింది. నెలకు పాతిక కిలోలు కావాలి కనుక, దేశీ రకాల ధర చూస్తే గుండె ఆగినంత పని అవుతోంది.

విశ్రాంత ఏఓ

బియ్యం మనం తినే పరిమాణం చాలా ఎక్కువ కనుక ఆలోచించవలసిన సరుకే. మన ఇళ్ళలో ఇష్టపడే సాంబ మసూరి, అంటే 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204, తినడానికి ఎంత బాగుంటుందో అగ్గితెగులుకు అంత సులువుగా లొంగుతుంది. అందుకే దానికి మందుల వాడకం ఎక్కువ. నవారా, మైసూరు మల్లిగ, కుజిపటాలియా వంటి దేశీ రకాలకు నత్రజని ఎక్కువ వేయరు కనుక తెగుళ్ళు తక్కువే, కాని దిగుబడి కూడా తక్కువే. ధర అందువల్ల పెరుగుతుంది, అందులో దుకాణదారు దురాశ మాత్రమే లేదు. నెలంతా అదే వండాలని పట్టుపట్టవద్దు. నేనైతే ప్రకృతి వ్యవసాయం చేసే రైతు దగ్గర కోతల తరువాత మామూలు రకమే బస్తాల లెక్కన కొంటాను. దుకాణం ధరలో సగానికి కొంచెం ఎక్కువ పడుతుంది. అపార్టుమెంటులో ఉంటే నాలుగు ఇళ్ళవారు కలిసి బండి మాట్లాడుకోవచ్చు.

శారద, నల్లకుంట

నాలుగు ఇళ్ళకు నేను ఒప్పిస్తాను. కాని ఇన్ని బస్తాలు, కందులు ఇంట్లో పెడితే పురుగు పట్టదా? మందు లేని సరుకుకు త్వరగా పడుతుందని మా అత్తగారు భయపడుతున్నారు.

తాండూరు కందిచేను

అత్తగారి భయం నిజమే. సేంద్రియ సరుకుకు గోదాములో మామూలు విషవాయువు పెట్టకూడదు కనుక, గుడ్లు లోపలే ఉండి ఇంటికి వచ్చాక పిల్లలవుతాయి. పుచ్చుపురుగు గింజ పైపొట్టు మీద గుడ్లు పెడుతుంది. అందుకే గుండు పెసలు, అలసందలు, కందులకు పట్టినంతగా బద్దలకు పట్టదు. గుండు గింజలకు కిలోకు ఒక చెంచా చొప్పున ఆముదం పట్టించి, ఎండకు పెట్టి, డబ్బాలో పోయండి. వండే ముందు రెండుసార్లు కడిగితే చాలు. పప్పుబద్దలు ఎండిన డబ్బాలో ఎండుమిరపకాయలతో ఉంచండి. కొద్దిపాటి పప్పు, రవ్వ అయితే రాగానే నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే గుడ్లు చచ్చిపోతాయి. బియ్యం మాత్రం ఒకేసారి మర ఆడించవద్దు. రైతు దగ్గర వడ్లుగా ఉంచమని చెప్పి రెండు నెలలకోసారి ఆడించి పంపమనండి, ఏఓ గారి రైతు ఒప్పుకోవచ్చు.

మాకు కొత్త కంది జనవరిలో మరకు వస్తుంది. నాలుగు ఇళ్ళకూ ఎంత కావాలో సంక్రాంతి లోపు ఇక్కడే రాయండి. పాలిష్ పట్టకుండా బద్ద చేయించి, ఊరి పేరు, కోత నెల సంచి మీదే రాయించి పంపే ఏర్పాటు చూస్తాను.

శారద, నల్లకుంట

ముప్పై కిలోలు అనుకోండి, అన్నా. పక్కింటివారు పొట్టు పెసరపప్పు కూడా అడుగుతున్నారు, దొరుకుతుందా?

తాండూరు కందిచేను

పెసలు మా దగ్గర ఈసారి వానకు తడిసిపోయాయి, చెల్లెమ్మా. అవి మాత్రం జొన్నరొట్టె గారిని అడగండి.